మన ఇంటి మరమ్మతులు – మన చేతులతోనే

2022 అక్టోబరులో ఒక రాత్రి మా పెంకుటింట్లో ఏడుచోట్ల నీరు కారింది. బిందె, బకెట్టు, అన్నపు గిన్నె, పిల్లవాని స్నానపు తొట్టి – ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నేలమీదికి వచ్చాయి. పిల్లల నాయనమ్మ మంచాన్ని మూడుసార్లు జరిపాము. తెల్లవారి చూస్తే ఉత్తరపు గోడ అడుగున సున్నం పెల్లలుగా రాలి, దూలం చివర నల్లగా చెమ్మ పట్టి ఉన్నది.

మరునాడు ఒక కాంట్రాక్టరును పిలిపించాము. ఆయన ఇల్లంతా తిరిగి చూసి, కప్పు సరిచేయడానికి, గోడలకు పూతలు పూసి వెల్ల వేయడానికి, పెరట్లో నీళ్ళు నిలవకుండా చేయడానికి అన్నీ కలిపి 46,000 రూపాయలు అవుతుందన్నారు. మా చేతిలో ఉన్నది 6,000. మిగిలిన 40,000 అప్పు తేవాలి. మా ఊళ్ళో నూటికి మూడు రూపాయల వడ్డీ నడుస్తున్నది. అంటే నెలకు 1,200, సంవత్సరానికి 14,400 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలు అలాగే ఉంటుంది.

అదే నెలలో మా అమ్మాయి నర్సింగు రెండవ సంవత్సరపు ఫీజు కట్టవలసి ఉన్నది. "ఇల్లు కూలితే మళ్ళీ కట్టలేరు. ఆడపిల్ల చదువు ఒక ఏడాది ఆగితే ఏమవుతుంది?" అని బంధువులలో పెద్దవారొకరు సలహా ఇచ్చారు. వారు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. వారి కాలంలో అలాగే జరిగేది. అయితే మధ్యలో ఆగిన చదువు మళ్ళీ మొదలవడం ఎంత అరుదో మన గ్రామాలలో ఎవరికి తెలియదు? ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు నిద్రపోలేదు. చివరకు ఒక నిర్ణయానికి వచ్చాము. ఫీజు కట్టాలి. అప్పు తేకూడదు. ఇంటి పని మన చేతులతో ఎంత అయితే అంత చేసుకోవాలి.

ఈ వ్యాసంలో మేము చేసిన పనులను, వాటికయిన ఖర్చును, చేసిన పొరపాటును కూడా దాచకుండా వ్రాస్తున్నాము. మీ ఇంట్లో ఇటువంటి అవసరమే ఉంటే కొంత ఉపయోగపడవచ్చును.

మొదట పెన్సిలు, తరువాత పలుగు

గోపురం కట్టదలచిన మనిషిని గూర్చిన ఉపమానం లూకా సువార్త 14వ అధ్యాయంలో మనమందరం చదివినదే. దానిని ఎప్పుడూ ఆత్మీయ విషయాలకే అన్వయించుకొన్నాము గాని, మన ఇంటి పద్దుకు కూడా అది పాఠమని ఆలోచించలేదు. ఈసారి ఆలోచించాము.

కప్పు మీద ఒక టార్పాలిను పట్టా కప్పి, నాలుగు మూలలా తాళ్ళతో బిగించి ఆ వానకాలాన్ని గడుపుకొన్నాము. వాన వచ్చిన ప్రతిసారి ఒక పాత నోటుపుస్తకం పట్టుకొని ఇంటి లోపల, వెలుపల తిరిగి, నీరు ఎక్కడ కారుతున్నదో, ఎక్కడ నిలుస్తున్నదో గుర్తు పెట్టుకొన్నాము. ఇల్లు తన జబ్బును చెప్పేది వానలోనే. ఎండలో చూస్తే ఏ పెంకు మంచిదో, ఏది చెడ్డదో తెలియదు.

తరువాత పనులను మూడు వరుసలుగా వ్రాశాము. మనమే చేసుకోగలిగినవి మొదటి వరుస. ఒక్కరోజు పనివాడు వచ్చి చూపిస్తే మనం పూర్తిచేయగలిగినవి రెండవ వరుస. మనం తాకనే కూడనివి మూడవ వరుస. ఈ మూడవ వరుస చాలా ముఖ్యమైనది. దానిని గురించి చివర చెబుతాము.

కప్పు పని

పెంకుటిల్లు కారడానికి సాధారణంగా నాలుగు కారణాలు ఉంటాయి. పెంకు పగలడం, పెంకు జారడం, పెంకుల మధ్య కాలువలో ఆకులు, మట్టి పేరుకోవడం, రెండు వాలులు కలిసే పైకొన దగ్గర సిమెంటు పగిలిపోవడం. మా ఇంట్లో నాలుగూ ఉన్నాయి. కోతులు చేసిన పని కొంత, వేపచెట్టు రాల్చిన ఆకు కొంత, రీపర్లకు పట్టిన చెద కొంత.

మార్చి నెలలో, ఎండలు ముదరకముందే పని మొదలుపెట్టాము. మా వీధి చివర ఒక వృద్ధ తాపీమేస్త్రి గారు ఉన్నారు. ఒంట్లో ఓపిక తగ్గి పనులు మానుకొన్నారు. ఒక్కరోజు వచ్చి చూపించమని అడిగి, అందరికీ ఇచ్చే 900 రూపాయల కూలి ఆయనకూ ఇచ్చాము. ఆయన నిచ్చెన దగ్గర కుర్చీ వేసుకొని కూర్చొని మొదట చెప్పిన మాట ఇది: "పెంకు మీద కాదయ్యా, వాసం ఎక్కడుందో చూసి దాని మీద అడుగెయ్యి. పెంకు నీ బరువు మొయ్యదు."

ఆయన చెప్పినట్లు రెండు వాసాల మీద ఆనేటట్లు ఒక వెడల్పాటి చెక్క వేసి, దాని మీద కూర్చొని పని చేశాము. నడుముకు తాడు కట్టి, ఆ తాడును దూలానికి బిగించాము. మంచుతో తడిసిన పెంకు జారుతుంది కాబట్టి పొద్దున్నే ఎక్కలేదు. తడి ఆరిన తరువాత ఎక్కి, ఎండ మండకముందే దిగాము. ఒకరు పైన ఉన్నంతసేపు మరొకరు నిచ్చెన పట్టుకొని క్రిందనే ఉన్నారు. ఒంటరిగా ఎవరూ ఎక్కకూడదన్నది మేము పెట్టుకొన్న నియమం.

కొత్త పెంకులు కొనలేదు. మా పక్క ఊళ్ళో పెంకుటిల్లు తీసి డాబా కట్టుకొంటున్నవారు దించిన బెంగుళూరు పెంకులు 120 ఏరి తెచ్చుకొన్నాము. పాత పెంకును ఎలా పరీక్షించాలో కూడా మేస్త్రి గారే చూపించారు. పెంకును ఒక చేత్తో పట్టుకొని వేలి కణుపుతో కొడితే గంటలా ఖంగుమనాలి. బొద్దుగా మ్రోగితే లోపల ఎక్కడో బీట ఉన్నట్లే. చెద తిన్న రీపర్లు తీసి కొత్తవి కొట్టాము. పైకొన దగ్గర వదులైన సిమెంటును పూర్తిగా గోకి, తడిపి, ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు జల్లించిన ఇసుక కలిపిన మాలుతో నింపాము. వారం రోజులు ఉదయం, సాయంత్రం తడిపాము. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని అనుకొంటారు. నిజానికి అది నీటితో కలిసి గట్టిపడుతుంది. తడపని సిమెంటు పనికి పెట్టిన డబ్బు సగం వృథాయే.

కప్పుకు అయిన ఖర్చు ఇది: పెంకులు 1,800, రీపర్లు 3,400, రెండు బస్తాల సిమెంటు 800, ఇసుక 1,000, మేస్త్రి గారి కూలి 900, ఆటో కిరాయి 600. మొత్తం 8,500 రూపాయలు.

డాబా ఇళ్ళవారికి రెండు మాటలు. వానకు ముందు డాబా ఊడ్చి, నీళ్ళు పోయే గొట్టాలలో ఆకులు, పిచ్చుక గూళ్ళు లేకుండా చూడండి. డాబా మీద నీరు నిలవకుంటే సగం కారడం ఆగుతుంది. పైపూతలో సన్నని బీటలు ఉంటే ఉలితో కొంచెం వెడల్పు చేసి, దుమ్ము కడిగి, తడి మీద మాలు నింపి వారం రోజులు తడపండి. కాని లోపలి కప్పు నుండి పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఇనుప చువ్వలు కనబడుతుంటే దాని మీద పూత పూసి దాచకండి. అది ఇంజనీరు చూడవలసిన పని. అలాగే డాబా మీద పిల్లలు ఆడుకొనే ఇళ్ళలో పిట్టగోడ లేకుంటే, మిగిలిన అలంకారాలన్నీ ఆపి ముందు దానిని కట్టించండి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఇంటికి పిట్టగోడ ఉండాలని ప్రత్యేకముగా ఆజ్ఞ ఉన్నదంటే, మనిషి ప్రాణం విషయంలో అది ఎంత అవసరమో గ్రహించండి.

గోడలు, వెల్ల – మేము చేసిన పొరపాటు

గోడ అడుగున సున్నం రాలుతుంటే అందరూ మళ్ళీ పూత పూస్తారు. సంవత్సరం తిరగకముందే అది మళ్ళీ రాలుతుంది. జబ్బు గోడలో లేదు, గోడ మొదట్లో నిలిచే నీటిలో ఉన్నది. అందుకని మొదట ఉత్తరపు గోడ పక్కన మట్టి పోసి, గట్టిగా దిమ్మిస చేసి, నీరు గోడ నుండి దూరంగా జారిపోయేటట్లు వాలు పెట్టాము. రెండు నెలలు గోడను ఎండనిచ్చాము. ఆ తరువాత వదులైన పూతను కొట్టివేసి, ఇటుకల సందులు గోకి, తడిపి కొత్త పూత పూశాము. సిమెంటు మాలు కలిపిన అరగంటలో వాడుకోగలిగినంతే కలపాలి. బిగుసుకొన్న దానిలో మళ్ళీ నీళ్ళు పోసి మెదిపితే బలం ఉండదు. వట్టి చేతులతో మాలు ముట్టుకొంటే చర్మం పుండ్లు పడుతుంది గనుక రబ్బరు తొడుగులు వేసుకోవడం మంచిది.

మే నెలలో వెల్ల వేయడానికి రాళ్ళ సున్నం తెచ్చాము. ఇక్కడే మా పొరపాటు జరిగింది.

రాళ్ళ సున్నం నీటిలో పడితే కుతకుత ఉడుకుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ బకెట్టు మెత్తబడి కారిపోగలదు. కనుక ఇనుప డ్రమ్ము వాడాము. అంతవరకు సరిగానే చేశాము. అయితే పదకొండేళ్ళ మా చిన్నవాడు దగ్గర నిలబడి చూస్తుంటే వద్దని పంపలేదు. పైగా పని త్వరగా అవుతుందని సున్నం రాళ్ళు ఒక్కసారే ఎక్కువ వేశాము. వాడు కర్రతో కలియబెట్టాడు. ఉడుకుతున్న సున్నపు తేట చింది వాడి కుడికంట్లో పడింది.

ఆ కేకను మేము ఇప్పటికీ మరువలేదు. నాయనమ్మ ఆముదం వేయమన్నారు. పక్కింటివారు పాలు పిండమన్నారు. మాకు చేతులు ఆడలేదు. ఆ క్షణంలో తోచింది ఒక్కటే, అమ్మాయికి ఫోను చేశాము. అది హాస్టలులో ఉన్నది. మాట పూర్తికాకముందే అది గట్టిగా చెప్పింది: "నాన్నా, ఇంకేమీ వెయ్యకండి. రెప్పలు తెరిచి పట్టుకొని మంచినీళ్ళు పోస్తూనే ఉండండి. అరగంట ఆపకండి. తరువాత నేరుగా కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఆటో పిలిపించండి, కడగడం మాత్రం ఆపకండి."

అలాగే చేశాము. ఒకరు తల పట్టుకొంటే ఒకరు చెంబుతో నీళ్ళు పోశారు. రెప్ప క్రింద ఇరుక్కొన్న సున్నపు నలుసులు నీటితో కొట్టుకొని వచ్చాయి. ఆసుపత్రిలో డాక్టరు గారు మళ్ళీ కడిగి, మందు వేసి, "ఇంటి దగ్గర కడిగి తెచ్చారు గనుక సరిపోయింది. ఆముదం వేసి తెచ్చి ఉంటే నల్లగుడ్డు మీద పొర పడేది" అన్నారు. మూడు వారాలు చుక్కల మందు వేశాము. దేవుని కృపవలన చూపు దక్కింది. ఆసుపత్రికి, మందులకు, దారి ఖర్చులకు 2,600 రూపాయలయింది.

ఆ రోజు సాయంత్రం మేమిద్దరం అదే అనుకొన్నాము. ఇంటి కప్పు కోసం ఆ పిల్ల చదువు ఆపి ఉంటే, ఆ అరగంటలో మాకు సరైన మాట చెప్పేవారెవరు?

కనుక సున్నం పని చేసే కుటుంబాలకు మా మనవి. పిల్లలను ఆ దరిదాపులకు రానివ్వకండి. ముందు నీళ్ళు పోసి, అందులో సున్నపు రాళ్ళు కొద్దికొద్దిగా వేయండి. కళ్ళకు అద్దాలు, చేతులకు తొడుగులు ఉండాలి. రెండు బిందెల మంచినీళ్ళు పక్కనే పెట్టుకొని మరీ మొదలుపెట్టండి. కంట్లో పడితే ఆముదం, పాలు, పసరు ఏదీ వద్దు. నీళ్ళే మందు, తరువాత డాక్టరు.

వెల్ల పాళ్ళు ఇవి. కిలో సున్నానికి సుమారు 5 లీటర్ల నీరు. 24 గంటలు నాననిచ్చి, ముతక గుడ్డతో వడకట్టాలి. 10 లీటర్ల వెల్లకు 40 గ్రాముల తుమ్మబంక వేడినీటిలో కరిగించి కలిపితే చేతికి అంటదు. తెల్లదనానికి కొంచెం నీలిమందు కలపాలి. గోడ మీది పాత పెల్లలను గోకి, దుమ్ము దులిపి, ఒక పూత నిలువుగా, అది ఆరిన తరువాత మరొక పూత అడ్డంగా వేయాలి. పూతకు, వెల్లకు కలిపి మాకు 2,100 రూపాయలు ఖర్చయింది.

పెరడు

మా స్నానపు నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు ఏళ్ళ తరబడి గోడ వెనుకే నిలిచేవి. దోమలు పుట్టేది, గోడ చెడేది ఆ నీటివల్లనే. ఇందుకు ఇంకుడు గుంత త్రవ్వాము. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు. అడుగున పెద్ద రాళ్ళు, మధ్య ఇటుక ముక్కలు, పైన చిన్న కంకర. నీళ్ళు వచ్చి పడేచోట అడుగున బెజ్జాలు పెట్టిన మట్టికుండ ఉంచి, అందులో కొబ్బరిపీచు కూరాము. జిడ్డు, మెతుకులు ఆ పీచులో ఆగిపోతాయి. రెండు వారాలకొకసారి పీచు మారుస్తాము. కుండ, పైపు ముక్క, కూరగాయల విత్తనాలు అన్నీ కలిపి 700 రూపాయలయింది. రాళ్ళు, ఇటుక ముక్కలు పెరట్లో ఉన్నవే.

ఇంకుడు గుంత త్రాగునీటి బావికి గాని, బోరుకు గాని కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి. ఇంటి పునాదికి ఆనుకొని త్రవ్వకూడదు. నల్లరేగడి నేలలోను, నీరు పైకే తగిలే పల్లపు నేలలోను నీరు సరిగా ఇంకదు. అక్కడివారు చిన్న కాలువ తీసి ఆ నీటిని అరటి పిలకలకు, చేమ దుంపలకు మళ్ళించడం మేలు. ఆ రెండూ నీటిని బాగా త్రాగే మొక్కలు.

పెరటి మొక్కలకు పెద్ద ఖర్చు అక్కరలేదు. చేతి మణికట్టంత లావు మునగ కొమ్మను నాటితే చాలు, అది బ్రతుకుతుంది. కరివేపాకు చెట్టు క్రింద మొలిచే పిలకను ఎవరినడిగినా ఇస్తారు. తోటకూర, గోంగూర, బచ్చలి ఇంటి విత్తనంతోనే వస్తాయి. తొలకరికి బీర, సొర, చిక్కుడు పాదులు పెట్టి, పాత వాసాలతో పందిరి వేశాము. వంటింటి చెత్త, పేడ, రాలిన ఆకు ఒక గుంతలో పొరలుగా వేసి తడుపుతుంటే కొన్ని నెలలకు ఎరువు చేతికి వస్తుంది. పేనుబంకకు వేపగింజల కషాయం వాడాము. 50 గ్రాముల వేప పప్పును మెత్తగా దంచి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, కొంచెం సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లాలి. గింజలు మా వేపచెట్టు రాల్చినవే. కప్పును చెడగొట్టిన చెట్టే కూరకు కాపు కాసింది.

చిన్న చిల్లులు

కొళాయి కట్టినా చుక్కలు పడుతుంటే సాధారణంగా లోపలి వాషరు అరిగి ఉంటుంది. నీటి తొట్టి దగ్గర వాల్వు కట్టి, కొళాయి తల విప్పి, కొత్త వాషరు వేస్తే సరిపోతుంది. ఎంత నీరు పోతున్నదో నమ్మకం కలగకపోతే రాత్రి కొళాయి క్రింద బిందె పెట్టి తెల్లవారి చూడండి.

దీపాల లెక్క కూడా వేసుకొన్నాము. 60 వాట్ల పాత బల్బులు నాలుగు, రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 36 యూనిట్లు. అదే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బులయితే 5 యూనిట్లకు కొంచెం ఎక్కువ. నెలకు 30 యూనిట్లు మిగులుతాయి. బల్బులకు, వాషర్లకు, ఒక కొత్త కొళాయికి 1,100 రూపాయలయింది.

కొత్తగా కట్టుకొనేవారికి

తక్కువ ఖర్చుతో ఇళ్ళు కట్టడంలో మన దేశంలో లారీ బేకర్ గారి పేరు గౌరవంగా చెప్పుకొంటారు. 1917లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఆయన క్వేకర్ సమాజానికి చెందినవారు. 1945లో కుష్ఠురోగుల సేవకై మన దేశానికి వచ్చి, వారి ఆసుపత్రుల కట్టడాలు చూసుకొన్నారు. తరువాత కేరళలో స్థిరపడి, బీదలకు, సంస్థలకు ఎన్నో కట్టడాలు కట్టారు. చుట్టుపక్కల అయిదు మైళ్ళలో దొరికే సామానుతో ఇల్లు కట్టాలన్న గాంధీగారి మాటను ఆయన జీవితాంతం పట్టుకొన్నారు. 1990లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 2007లో తిరువనంతపురంలో మరణించారు.

ఆయన ప్రచారం చేసిన ఒక పద్ధతిలో గోడలోని ఇటుకలను పడుకోబెట్టక, అంచు మీద నిలబెట్టి, మధ్య ఖాళీ వదులుతూ కడతారు. ఇటుకలలో సుమారు నాలుగవ వంతు మిగులుతుంది. ఆ ఖాళీలోని గాలివలన ఇల్లు చల్లగా ఉంటుంది. అయితే ఈ పని తెలిసిన మేస్త్రి చేతిలోనే జరగాలి. మనం అడిగి తెలుసుకోవడం వేరు, అనుభవం లేకుండా గోడ లేపడం వేరు.

తాకకూడని పనులు

మూడవ వరుసను గురించి చెబుతామన్నాము. అవి ఇవి.

కరెంటు వైరింగు మనది కాదు. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియను పని. బల్బు మార్చినా మెయిను కట్టి మార్చండి. బట్టలారవేయడానికి ఇనుప తీగ కట్టకండి. దానికెక్కడైనా కరెంటు తగిలితే తడిబట్ట వేసిన తల్లి ప్రాణం పోతుంది. నైలాను తాడు కొన్ని రూపాయలకే దొరుకుతుంది.

మరుగుదొడ్డి ట్యాంకులోనికి, పాడుబడిన బావిలోనికి ఎవరినీ దింపకండి, మీరు దిగకండి. లోపలి విషవాయువు కంటికి కనబడదు. ఒకరిని రక్షించబోయి మరొకరు పడిపోయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. మనుషులను దింపి ఆ ట్యాంకులు శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. యంత్రమున్న బండిని పిలిపించండి.

పాత సిమెంటు రేకుల కప్పు ఉన్నవారు ఆ రేకులను కోయడం, బెజ్జాలు వేయడం, పొడిగా ఉండగా గోకడం చేయకండి. వాటిలోని ఆస్‌బెస్టాస్ దుమ్ము ఊపిరితిత్తులకు హాని. దూలం, స్తంభం, బరువు మోసే గోడ – వీటిని కదల్చవలసి వస్తే తెలిసినవారే రావాలి.

ఇంకొక మాట. పనివాని కూలి కోసి మిగిల్చినది పొదుపు కాదు. మనం చేయగల పని మనం చేసుకోవాలి. అతడు చేసిన పనికి పూర్తి కూలి, ఆ సాయంత్రమే ఇవ్వాలి.

లెక్క తేలినది

కప్పు 8,500, గోడలు 2,100, పెరడు 700, కొళాయి, దీపాలు 1,100, మా అజాగ్రత్తకు కట్టిన మూల్యం 2,600. మొత్తం 15,000 రూపాయలు. నాలుగు నెలలలో పాల డబ్బులతో, చేతిలో ఉన్న 6,000తో సరిపెట్టుకొన్నాము. 46,000తో పోలిస్తే 31,000 మిగిలింది. వడ్డీ లేదు. అమ్మాయి ఫీజు సకాలంలో కట్టాము. చదువు పూర్తయి ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చదివితే వరుసగా పేర్లే కనబడతాయి. చాలామంది త్వరగా దాటివేస్తారు. మేము ఈమధ్య దానిని మెల్లగా చదివాము. అందులో అనేకులు తమ తమ ఇళ్ళకు ఎదురుగా ఉన్న గోడను బాగుచేసుకొన్నారు. అలా ఎవరి ముంగిట వారు పనిచేస్తేనే పట్టణపు గోడ అంతా నిలిచింది. తమ ముంగిలి అయిన తరువాత ఇంకొక భాగం బాగుచేసినవారు కూడా అందులో ఉన్నారు.

మా వీధిలో ఒక విధవరాలి ఇల్లు ఉన్నది. ఆమె కొడుకులు దూరదేశంలో కూలికి పోయారు. మా కప్పు అయిన తరువాత మిగిలిన పద్దెనిమిది పెంకులు, అర బస్తా ఇసుక తీసుకొని, సంఘపు యౌవనస్థులు నలుగురు, మేము కలిసి ఒక శనివారం ఆమె కప్పు సరిచేశాము. మేస్త్రి గారు మళ్ళీ కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఈసారి కూలి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇది ఆ లెక్కలోది కాదయ్యా" అన్నారు.

2023 జూనులో తొలి వాన పడిన రాత్రి మేము లేచి దీపం వేసి చూశాము. నేల పొడిగా ఉన్నది. ఒక్క మూలలో మాత్రం రెండు చుక్కలు పడ్డాయి. నోటుపుస్తకం తీసి ఆ చోటు వ్రాసుకొని, మళ్ళీ పడుకొన్నాము. నాయనమ్మ అసలు లేవనే లేదు.

ఈసారి మీ ఊళ్ళో వాన పడినప్పుడు మీరు కూడా ఒక పెన్సిలు పట్టుకొని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఆ కాగితం మీద మొదటి వరుసలో మీరు అనుకొన్నదానికంటె ఎక్కువ పనులే ఉంటాయి.